జమీన్ కింది దౌలత్ ఎవరిది?

పోయిన నెల మా ఇంటికి ఒక కాగితం వచ్చింది. రాజోలు పక్కన మాకు మిగిలిన ముప్పాతిక ఎకరం కొబ్బరి తోట మధ్యలోంచి గ్యాస్ పైపు వెళ్తుందట. జమీన్ మాదే ఉంటుంది. పట్టా మా పేరునే ఉంటుంది. వినియోగించుకునే హక్కు మాత్రం పైపు వాళ్లది అవుతుంది. అభ్యంతరం ఏమైనా ఉంటే 21 రోజుల్లోగా రాసివ్వాలి.

తమ్ముడు ఫోన్ చేశాడు. "భయ్యా, సంతకం పెట్టేద్దాం. ఎలాగూ ఆగేది కాదు. ఎంతో కొంత చేతికొస్తుంది" అన్నాడు.

"ఆగరా, ముందు తారీఖ్ చూద్దాం" అన్నాను.

"తారీఖు చూసేదేముంది, ఇంకా పదహారు రోజులున్నాయి" అన్నాడు వాడు.

నేను అన్నది ఆ తారీఖు కాదు. ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర కూడా. మా దాదా బతికి ఉంటే ఆయనకు వెంటనే అర్థమయ్యేది. ఎందుకంటే ఈ సవాల్ మా ఇంట్లో మొదట వేసింది ఆయనే. 1970ల చివర్లో సర్వే వాళ్లు మా పొలాల్లో వరసగా బొరియలు తవ్వి, అందులో మందు పెట్టి పేల్చారు. ఆ అదురు భూమి లోపలి రాతి పొరలకు తగిలి తిరిగి పైకి వస్తుంది. నేల మీద తీగకు గుచ్చిన చిన్న యంత్రాలు దాన్ని పట్టుకుంటాయి. ఎంతసేపటికి తిరిగొచ్చింది అన్న హిసాబ్‌తో కింద ఏ పొర ఎంత లోతులో ఉందో గీస్తారు. అదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పుడు పిల్లలం, బాంబులు పేలుస్తున్నారని సంబరంగా పరిగెత్తాం. దాదా మాత్రం గట్టు మీద గొంతుక్కూర్చుని, "జమీన్ మనది. మరి దాని కింద ఉన్నది ఎవరిదిరా బేటా?" అని అడిగారు. నాకు జవాబ్ తెలీదు. ఈ కాగితం వచ్చాక, నలభై ఏళ్లు దాటి, జవాబ్ వెతకడానికి కూర్చున్నాను.

దాదా కిరసనాయిలు అమ్మేవారు. నాలుగు గ్యాలన్ల డబ్బా, ఒక గరాటు, మూడు కొలతలు, అంతే దుకాణం. ఖాళీ అయిన డబ్బా కూడా పారేసేవాళ్లు కాదు. మూత కోసి బియ్యం పోసుకునేవాళ్లు, కావిడికి కట్టి నీళ్లు మోసేవాళ్లు. ఆ డబ్బా మీద పేరు బర్మాషెల్. దాదాకి ఆ పేరులో సగం కంపెనీ, సగం తన సగే భాయి. ఆయన అన్నగారు 1930ల్లో రంగం వెళ్లారు. రంగం అంటే రంగూన్. అప్పట్లో గోదావరి నుంచి శ్రీకాకుళం దాకా ఏ ఊళ్లో అడిగినా రంగం వెళ్లిన మనిషి ఒకడుండేవాడు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుతో అక్కడివాళ్లు మన కూలీలందరినీ కోరంగీలు అని పిలిచేవాళ్లు. రంగూన్‌కి నది అవతల సిరియంలో బర్మా ఆయిల్ కంపెనీ శుద్ధి కర్మాగారం ఉండేది. మా పెద్ద దాదా అక్కడ మజ్దూర్.

బర్మా చమురు కహానీ ఆ కంపెనీతో మొదలవలేదు. ఐరావతి నది ఒడ్డున యెనాంగ్యాంగ్‌లో అంతకు ముందే ఎన్నో తరాలుగా చేత్తో బావులు తవ్వి నూనె తోడేవాళ్లు. ఆ హక్కు ఇరవై నాలుగు ఖాందాన్‌లకు వారసత్వంగా ఉండేది. మనిషిని తాడు కట్టి దింపేవాళ్లు. లోపలి వాయువుకి ఊపిరాడక క్షణాల్లోనే పైకి లాగాల్సి వచ్చేది. 1886లో బ్రిటిష్ వాళ్లు పై బర్మాను కూడా కలిపేసుకున్నారు. 1886లో స్కాట్లాండ్ పెట్టుబడిదారులు బర్మా ఆయిల్ కంపెనీ పెట్టారు. యంత్రాలు వచ్చాయి. చేతి బావుల ఖాందాన్‌ల హక్కు మెల్లగా కాగితాల మీద మిగిలింది. 1928లో ఇదే కంపెనీ షెల్‌తో కలిసి హిందుస్తాన్‌లో నూనె అమ్మడానికి బర్మాషెల్ అయింది. దాదా డబ్బా మీద ఉన్నది ఆ పేరే.

1942లో జపాన్ సేనలు వస్తుంటే, నూనె వాళ్ల చేతికి దక్కకూడదని బ్రిటిష్ వాళ్లు తామే సిరియం కర్మాగారాన్ని మార్చిలోనూ, యెనాంగ్యాంగ్ బావుల్ని ఏప్రిల్‌లోనూ తగలబెట్టారు. లక్షల మంది హిందుస్తానీలు అడవులు, కొండలు దాటి కాలినడకన బయల్దేరారు. దారిలో పోయినవాళ్ల లెక్క ఎవరూ సరిగ్గా రాయలేదు. మా పెద్ద దాదా తిరిగి రాలేదు. ఖబర్ కూడా రాలేదు. కాలిపోయిన ఆస్తికి పరిహారం ఇవ్వాలని కంపెనీ మాత్రం బ్రిటన్ ప్రభుత్వం మీద దావా వేసింది. అక్కడి పై కోర్టు దాకా వెళ్లి గెలిచింది. 1965లో పార్లమెంటు కొత్త చట్టం చేసి, గెలిచిన ఆ పరిహారాన్ని వెనక తేదీ నుంచి రద్దు చేసింది. అది కంపెనీకి జరిగిన బేఇన్సాఫీ అని అక్కడ పెద్ద చర్చ జరిగింది. మా పెద్ద దాదా మాట ఏ చర్చలోనూ లేదు.

ఆజాదీ వచ్చాక కూడా మన చిరాగ్‌లో వెలిగింది పరాయి నూనే. మన దేశంలో అప్పటికి చమురు వచ్చే చోటు ఒక్క అస్సాం. అక్కడ డిగ్బోయ్‌లో 1889లో బావి వేశారు. 1901లో శుద్ధి కర్మాగారం నడిచింది. అది కూడా తర్వాత బర్మా ఆయిల్ చేతికే వెళ్లింది. మిగతాదంతా దిగుమతి. తెచ్చేది వాళ్లే, శుద్ధి చేసేది వాళ్లే, ధర చెప్పేది వాళ్లే. ఆ ధర కట్టే పద్ధతి విన్నప్పుడు నేను నమ్మలేదు. చాలా కాలం ఇరాన్ నుంచి వచ్చిన నూనెకి కూడా అమెరికాలోని మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చినట్టు లెక్కకట్టి ధర వేసేవాళ్లు. సరుకు చేయని సఫర్‌కి కిరాయి మన గరీబులు కట్టారన్నమాట.

1951-53 మధ్య మన సర్కార్ మూడు విదేశీ కంపెనీలతో ఒప్పందాలు చేసుకుంది. రెండు కర్మాగారాలు బొంబాయిలో, ఒకటి విశాఖపట్నంలో. విశాఖలో కాల్టెక్స్ కర్మాగారం 1957లో మొదలైంది. 25 ఏళ్లు జాతీయం చేయబోమని రాసిచ్చారు. ముడిచమురు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో కంపెనీల ఇష్టం. కొత్త ముల్క్, చేతిలో డబ్బు లేదు, ఆ పని తెలిసిన మనిషి లేడు. షరతులు అలాగే ఉంటాయి.

అసలు మన జమీన్ కింద చమురు ఉందా అన్న సవాల్‌కి కూడా జవాబ్ చెప్పేది వాళ్లే. అస్సాం తప్ప మిగతా చోట్ల వెతకడం దండగ అన్నది అప్పటి పెద్ద కంపెనీల, వాళ్ల నిపుణుల మాట. ఇంట్లో బంగారం ఉందో లేదో బంగారం అమ్మేవాడినే అడిగినట్టుంది. వాడు ఉందని ఎందుకు చెప్తాడు? అయితే వాళ్లు అబద్ధం చెప్పారని కూడా నేను అనను. ఒక విదేశీ కంపెనీ మన సర్కార్‌తో కలిసి బెంగాల్‌లో ఏళ్లతరబడి తవ్వింది. ఏమీ దొరక్క వదిలేసింది. వాళ్లకి ప్రపంచంలో వేరే చోట్ల సులువుగా, చవగ్గా నూనె దొరుకుతోంది. మన దగ్గర కష్టపడాల్సిన జరూరత్ వాళ్లకి లేదు. జరూరత్ ఉన్నది మనకి.

ఆ సంగతి పట్టుకున్న మనిషి కేశవదేవ్ మాలవీయ. ఇక్కడ మనవాళ్లు మరిచిపోయిన ఒక సంగతి ఉంది. మౌలానా అబుల్ కలాం ఆజాద్ అనగానే మనకి విద్యాశాఖ యాదికొస్తుంది. ఐఐటీలు, యూజీసీ యాదికొస్తాయి. 1950ల్లో సహజ వనరులు, శాస్త్ర పరిశోధన కూడా ఆయన శాఖలోనే ఉండేవి. మాలవీయ ఆ శాఖలో ఆయన కింద జూనియర్ వజీర్. అంటే సర్కారీ చమురు వెతుకులాట పుట్టింది మౌలానా నీడలోనే. 1955లో జియలాజికల్ సర్వే లోపలి చిన్న విభాగంగా మొదలై, 1956 ఆగస్టులో అది చమురు, సహజవాయువు కమిషన్ అయింది. ఇప్పుడు మనం ఓఎన్‌జీసీ అంటున్నది అదే. అదే ఏడాది పారిశ్రామిక విధాన తీర్మానంలో చమురుని సర్కార్ చేతిలో ఉండాల్సిన పరిశ్రమల్లో చేర్చారు. సోవియట్ నిపుణులు వచ్చారు. మన కుర్రాళ్లతో కలిసి తిరిగి, ఉమ్మీద్ ఉంది, వెతకండి అని చెప్పారు. రిగ్గులు ఇచ్చారు, పని నేర్పారు.

మొదటి బావి 1957లో జ్వాలాముఖిలో వేశారు. అక్కడి గుడిలో రాతి సందుల్లోంచి వచ్చే వాయువు ఎన్నో వందల ఏళ్లుగా మండుతూనే ఉంది. నిప్పు ఉన్నచోట నూనె ఉండకపోతుందా అనుకున్నారు. గ్యాస్ కొంచెం దొరికింది, వ్యాపారానికి సరిపడా కాదు. తర్వాత గుజరాత్ వెళ్లారు. 1958 సెప్టెంబర్‌లో ఖంభాత్ దగ్గర లునేజ్‌లో చమురు పడింది. మౌలానా ఆ ఫిబ్రవరిలోనే ఇంతకాల్ అయ్యారు. ఆ ఖబర్ ఆయన వినలేదు. 1960 మేలో అంకలేశ్వర్‌లో అంతకంటే పెద్దది దొరికింది. ఆ బావికి నెహ్రూ వసుధార అని పేరు పెట్టారు.

సరిగ్గా ఆ ఏడాదే ఇంకో ముచ్చట జరిగింది. సోవియట్ యూనియన్ తక్కువ ధరకి ముడిచమురు ఇస్తానంది. మాలవీయ ఆ మాట పట్టుకుని, దీన్ని మీ కర్మాగారాల్లో శుద్ధి చేయండి అని మూడు కంపెనీల్నీ అడిగారు. ఒప్పందం ప్రకారం మాకిష్టమైన నూనే వాడతాం అని వాళ్లు కాదన్నారు. కానీ తాము తెచ్చే నూనె ధర తగ్గించారు! అన్నేళ్లూ తగ్గదన్న ధర, ఇంకొకడు తలుపు కొట్టగానే తగ్గింది. మన దగ్గర నూనె ఉందో లేదో తెలుసుకోవడం ఎందుకు ముఖ్యమో నాకు ఇక్కడ అర్థమైంది. తవ్వగలిగేవాడితో బేరం వేరేగా ఉంటుంది. మాలవీయ కథ అంత సాఫీగా సాగలేదు. ఒక గనుల యజమాని నుంచి ఎన్నికల ఖర్చుకి డబ్బు ఇప్పించారన్న ఇల్జామ్ మీద 1963లో రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ మచ్చా ఉంది, ఈ పనీ ఉంది. తారీఖ్‌లో రెండూ రాయాలి.

1960ల మధ్యలో సోవియట్ సర్వే నౌక ఒకటి ఖంభాత్ సింధుశాఖ చుట్టూ తిరిగి, బొంబాయికి పడమర సముద్రం అడుగున ఒక పెద్ద రాతి మడతని గుర్తించింది. 1973లో అరబ్ దేశాలు చమురు బిగించాయి. పీపా మూడు డాలర్ల నుంచి కొద్ది నెలల్లోనే పదకొండు దాటింది. ఆ భయంలో ఉండగానే, 1974 ఫిబ్రవరిలో సాగర్ సమ్రాట్ అనే జపాన్ రిగ్గు ఆ మడత మీద తవ్వితే బాంబే హై దొరికింది. 1980ల మధ్యకొచ్చేసరికి దేశానికి కావాల్సిన చమురులో మూడింట రెండొంతుల పైన మనదే అయింది. 1974-78 మధ్య విదేశీ కంపెనీల కర్మాగారాలు కూడా సర్కార్‌వి అయ్యాయి. దాదా డబ్బా మీద పేరు భారత్ పెట్రోలియం అయింది. కాల్టెక్స్ విశాఖ హిందుస్తాన్ పెట్రోలియం అయింది. దాదా మాత్రం చివరిదాకా బర్మాషెల్లే అన్నారు.

ఇక మా ఇలాఖా. కృష్ణా, గోదావరి కోట్ల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు ఇక్కడ కిలోమీటర్ల మందాన పేరుకుంది. ఆ పొరల పేర్లు చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. రాఘవాపురం షేల్ అనే నల్లటి పొర ఒకటి. నూనెకి, వాయువుకి తల్లి లాంటిది. పైన లావా గడ్డకట్టిన రాయి ఉంది, దాని పేరు రాజోలు. మా ఊరి పేరు భూమి లోపల ఉందని మాకు చెప్పినవాళ్లు లేరు. 1970ల చివర నరసాపురంలో గ్యాస్ పడింది. తర్వాత రాజోలు, తాటిపాక, పాశర్లపూడి. 1987లో సముద్రంలో రవ్వ. మా తోటల మధ్య రాత్రింబవళ్లు మంటలు వెలుగుతుండేవి. మా అమ్మీ ఆ రోషనీలో బట్టలు ఆరేసుకునేది. పొయ్యిలో మాత్రం కొబ్బరి మట్టలే.

1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలింది. తవ్వేటప్పుడు బావి నిండా బరువైన మడ్డి పోస్తారు. లోపలి వాయువు ఒత్తిడిని ఆ మడ్డి బరువు అణిచి ఉంచాలి. ఒత్తిడి గెలిచిందంటే ఇక ఆపే మనిషి ఉండడు. 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ ఏడు ఫిబ్రవరి అంతా రంజాన్. సహరీకి లేస్తే చీకటి లేదు. తూర్పు కాదు పడమర కాదు, ఆకాశం ఎర్రగా ఉండేది. లోపల్నుంచి ఒకటే హోరు. మా దాదీ వేళ తెలియడం లేదని గడియారం తలగడ కింద పెట్టుకుని పడుకునేది. ఈద్ కూడా ఆ మంట కిందే జరిగింది. మార్చి మధ్యలో ఆరింది.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో జరిగింది ఇంకా ఘోరం. నగరం అంటే సిటీ కాదు, మామిడికుదురు పక్క ఊరు. భూమిలో పాతిన పైపు తుప్పు పట్టి గ్యాస్ కారింది. గాలి లేని వేళ, పల్లపు నేల, గ్యాస్ ఊరంతా పరుచుకుంది. ఎక్కడో నిప్పు రాజుకుంది. 20 మందికి పైగా షహర్ చూడని పల్లె జనం, చిన్నపిల్లలతో సహా కాలిపోయారు. ఇళ్లు, కొబ్బరి చెట్లు నల్లగా నిలబడ్డాయి. ఆ పైపు నా కళ్లముందు పాతిందే. అప్పుడు సంతకాలు పెట్టిన వాళ్లలో మా అబ్బా కూడా ఉన్నారు. ఆ సంవత్సరం ఆయన భోజనం సరిగ్గా చేయలేదు.

ఇంతలో సముద్రం లోతుల్లో ఇంకో కహానీ నడిచింది. 1999లో సర్కార్ కొత్త లైసెన్సు విధానం పెట్టి ప్రైవేటు కంపెనీల్ని వేలానికి పిలిచింది. 2002లో కాకినాడ దూరాన డీ6 బ్లాకులో రిలయన్స్‌కి పెద్ద గ్యాస్ దొరికింది. 2009లో ఉత్పత్తి మొదలైంది. 2010లో రోజుకి 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. ఆంధ్రాలో దాన్ని నమ్ముకుని విద్యుత్ కేంద్రాలు కట్టారు. కొన్నేళ్లకే ఉత్పత్తి కుప్పకూలింది. కేంద్రాలు ఖాళీగా నిలబడ్డాయి. ఆ మొదటి బావులు 2020లో మూతపడ్డాయి. మధ్యలో ఇద్దరు అన్నదమ్ములు గ్యాస్ పంపకం మీద కోర్టుకెక్కారు. 2010 మే 7న సుప్రీంకోర్టు చెప్పింది: ఈ వాయువు అన్నదమ్ములది కాదు, దేశ ప్రజలది, ధర, పంపకం నిర్ణయించేది సర్కార్.

దాదా సవాల్‌కి జవాబ్ అదే. కింద ఉన్నది అవామ్‌ది, సర్కార్ దానికి అమానత్‌దార్. నాకు ఈ జవాబ్ నచ్చింది. అమెరికాలో లాగా పై పొలం ఎవరిదో కింది నూనె వాడిదే అనుంటే, మా పక్క ఎకరం వాడు షేక్ అయ్యేవాడు, నేను వాడి గేటు దగ్గర నిలబడేవాణ్ని. కానీ అమానత్ అన్నాక హిసాబ్ చూపించాలి కదా. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. సముద్రంలో దొరికినదాని రాయల్టీ అంతా కేంద్రానిదే. ఊరికి ఏం వస్తుంది? 1962 నాటి పైపులైన్ల చట్టం చదివాను. పైపు వెళ్లిన పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. దానికి బదులు ఆ జమీన్ బజారు ధరలో పది శాతం. కోనసీమలో చెట్టు నాటకూడదంటే, ఆ నేల ఇంక దేనికి?

మాలవీయ ఆనాడు విదేశీ కంపెనీలతో గొడవ పడింది ఒక్క మాట మీద: మా జమీన్ కింద ఏముందో, దాని ధర ఎంతో మాక్కూడా తెలియాలి. ఆ మాట ఢిల్లీ తనకోసం అడిగింది, సాధించింది. అదే మాట నగరం, తాటిపాక, పాశర్లపూడి అడిగితే, అది నిపుణుల విషయం మీకు తెలీదు అంటారు. కంపెనీలు అప్పట్లో ఢిల్లీతో అన్నదీ ఇదే. మా మేనకోడలు కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తోంది. చమురు మీద బతికే దేశానికి, కాళ్ల కింద చమురున్న ఊరి నుంచి పాచిపనికి వెళ్లింది. మా పెద్ద దాదా రంగం వెళ్లినట్టే.

పైపు వద్దని నేను రాయలేదు. గ్యాస్ దేశానికి కావాలి, మా పిల్లల బళ్లలో కరెంటుకి కూడా కావాలి. తమ్ముడూ నేనూ కూర్చుని నాలుగు సంగతులు రాశాం. పైపుని లోపల్నుంచి ఎన్నేళ్లకోసారి పరీక్ష చేస్తారు, ఆ రిపోర్టు పంచాయతీ గోడకి అంటిస్తారా? కారితే ఊరిని లేపే సైరన్ ఎక్కడ పెడతారు? పట్టీని తోట మధ్య నుంచి కాక గట్టు వెంబడి వేయవచ్చా? చెట్టు నాటకూడని నేలకి ఏడాదికి ఇంతని కిరాయి ఎందుకివ్వరు?

పదిహేడో రోజున ఇచ్చొచ్చాం. తీసుకున్న గుమాస్తా చదివి, "ఇవన్నీ అభ్యంతరాల్లోకి రావండి, ఇవి ప్రశ్నలు" అన్నాడు. "ప్రశ్నలే బాబూ, ముద్ర వేసి ఒక కాపీ ఇవ్వండి" అన్నాడు మా తమ్ముడు. ముద్ర వేశాడు. దాని మీద తారీఖు కూడా ఉంది.